జెడ్ 40ఎంఎం ఎఫ్2 గురించి కొన్నవాళ్ళు తలా ఒక మాట అంటున్నారు, ఎవరిది పట్టించుకోవాలి?

మీరు అడిగింది ఇది కదా: చేతిలో నికాన్ జెడ్5 ఉంది, దాంతో వచ్చిన 24-50 కిట్ జూమ్ ఉంది, ఇంట్లో పిల్లల ఫొటోలకీ ఊళ్ళు తిరిగేటప్పుడు మెళ్ళో వేసుకోడానికీ చిన్న ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ ఒకటి కావాలి, జెడ్ 40ఎంఎం ఎఫ్2 మీద కన్నుపడింది, తీరా కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివితే సగం మంది కెమెరా మీంచి తియ్యట్లేదు అంటున్నారు, ఇంకో సగం మంది ప్లాస్టిక్ బొమ్మలా ఉంది, సాఫ్ట్‌గా ఉంది, అమ్మేశా అంటున్నారు, మరి దీన్ని కొనాలా లేక బరువైనా సరే 50ఎంఎం ఎఫ్1.8 ఎస్‌కి పోవాలా అని.

ముందే చెప్పేస్తా, మీ పనికి 40 కొనండి. కానీ అమ్మేసినవాళ్ళు అబద్ధం చెప్తున్నారని మాత్రం అనుకోకండి, వాళ్ళు చెప్పేవి కూడా దాదాపు అన్నీ నిజాలే. విషయం ఏంటంటే చిన్న లెన్స్ అన్నాక ఎక్కడో ఒకచోట కోత పెట్టే తయారుచేస్తారు, ఏ కంపెనీ అయినా అంతే. ఆ కోత ఎక్కడ పడిందో పట్టుకుంటే అది మీరు తీసే ఫొటోల మీద పడుతుందా లేదా అని మీకే తెలిసిపోతుంది, అప్పుడు ఎన్ని స్టార్లు ఇచ్చారన్నది చూడక్కర్లేదు.

అసలు గొడవంతా ఆ "సాఫ్ట్" అనే మాట దగ్గరే ఉంది కాబట్టి దాంతో మొదలుపెడతా. ఈ లెన్స్ ఎఫ్2 లో, అంటే వెలుతురు వెళ్ళే కంత (అపర్చర్) పూర్తిగా తెరిచినప్పుడు, రెండు రకాలుగా ఉంటుంది. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఆ కంత చిన్నదవుతుంది. మనిషి ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో ఉంటే ఫ్రేమ్ మధ్యలో ఎఫ్2 కే కంటి రెప్పల వెంట్రుకలు శుభ్రంగా వస్తాయి. అదే బాగా దగ్గరికి, అంటే దీని కనీస ఫోకస్ దూరం 29 సెంటీమీటర్ల దాకా వెళ్ళి ఒక పువ్వో ఉంగరమో తీస్తే అంచుల చుట్టూ పల్చటి మెరుపులాంటి పొర కనిపిస్తుంది, కాంట్రాస్ట్ పడిపోతుంది, ఫోకస్ తప్పిందేమో అనిపిస్తుంది. ఫోకస్ తప్పలేదు, అది స్ఫెరికల్ అబెరేషన్. లెన్స్ అంచుల్లోంచి వచ్చే కిరణాలు మధ్యలోంచి వచ్చే కిరణాలు కలిసిన చోటే కలవవు, ఇలాంటి చిన్న డిజైన్లలో దగ్గరికి వెళ్ళేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. ఎఫ్2.8 కి తిప్పితే ఆ అంచు కిరణాలు ఆగిపోతాయి కాబట్టి పొర చాలావరకు పోతుంది, ఎఫ్4 కి వచ్చేసరికి మామూలు లెన్సే. సిగ్మా 45ఎంఎం ఎఫ్2.8 కాంటెంపరరీ 2019 లో వచ్చినప్పుడూ ఇదే గొడవ జరిగింది, దగ్గర్లో అపర్చర్ పూర్తిగా తెరిస్తే మెత్తగా ఉందని తిట్టినవాళ్ళు తిట్టారు, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అందంగా రావాలని డిజైన్‌లోనే కొంచెం అలా వదిలారని తెలిసినవాళ్ళు దాన్నే మెచ్చుకున్నారు.

కాబట్టి ఎవరైనా సాఫ్ట్ అని రాస్తే వెంటనే చూడాల్సింది వాళ్ళు ఏం తీశారు, ఎంత దూరం నుంచి తీశారు, ఏ బాడీ మీద తీశారు అని. ఆన్‌లైన్‌లో అమ్మడానికి నగలు దగ్గరగా తీసేవాళ్ళకి ఈ లెన్స్ నచ్చదు, నచ్చకూడదు కూడా, వాళ్ళకి మాక్రో, అంటే బాగా దగ్గరి ఫొటోలకని చేసిన లెన్స్ కావాలి. 45 మెగాపిక్సెల్ జెడ్7 మీద పెట్టి స్క్రీన్ మీద 100 శాతం జూమ్ చేసి మూలలు చూసేవాళ్ళకి కనిపించేది మీ 24 మెగాపిక్సెల్ జెడ్5 లో అంతగా కనిపించదు, ఎందుకంటే 100 శాతం అంటే వాళ్ళు అదే ఫొటోని మీకంటే పెద్దది చేసి చూస్తున్నారు. ఇంకోటి, అంతకుముందు వాళ్ళ దగ్గర ఏముండేది అన్నది. 50 ఎఫ్1.8 ఎస్ వాడి దీనికి వచ్చినవాళ్ళకి ఇది ఒక మెట్టు దిగినట్టే ఉంటుంది, ఆ 50 మామూలు లెన్స్ కాదు, ఎఫ్1.8 లో మూలల దాకా పదును. కిట్ జూమ్ నుంచి వచ్చినవాళ్ళకి ఇదే లెన్స్ కళ్ళు తెరిపించినట్టు ఉంటుంది. మీరు రెండో గుంపు.

కిట్ జూమ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క లెక్క చెప్తా. మీ 24-50 జూమ్ 50 దగ్గర ఎఫ్6.3. ఎఫ్2 దానికంటే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి పంపిస్తుంది. అంటే సాయంత్రం హాల్లో ట్యూబ్‌లైట్ కింద అదే షట్టర్ స్పీడ్‌కి జూమ్‌తో ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట దీంతో 640 చాలు. ఐఎస్ఓ అంటే సెన్సార్ సున్నితత్వం, అది ఎంత తక్కువైతే ఫొటోలో గరుకు (నాయిస్) అంత తక్కువ. లేదా ఐఎస్ఓ సగమే తగ్గించుకుని మిగిలిన వెలుతురంతా షట్టర్ స్పీడ్‌కి పెట్టుకోవచ్చు, పిల్లలకి కావాల్సింది అదే. జెడ్5 బాడీలో స్టెబిలైజేషన్ ఉంది కదా అని 1/30 లో తీస్తే గోడ మీద క్యాలెండర్ పదునుగా వస్తుంది, పరిగెత్తే పిల్లాడు చారలా వస్తాడు. బాడీ స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుంది గానీ పిల్లాణ్ణి ఆపదు. 1/250 కి తగ్గకండి, ఆటో ఐఎస్ఓ లో కనీస షట్టర్ స్పీడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అక్కడ 1/250 పెట్టి వదిలెయ్యండి.

ఇక సైజు. ఇది 2021 లో వచ్చింది, 170 గ్రాములు, పొడవు నాలుగున్నర సెంటీమీటర్లు. 35 ఎఫ్1.8 ఎస్ 370 గ్రాములు, 50 ఎఫ్1.8 ఎస్ 415 గ్రాములు. కాగితం మీద పావుకిలో తేడా ఏముందిలే అనిపిస్తుంది, కానీ బరువు కంటే పొడవు ముఖ్యం, 50 ఎస్ పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, మెళ్ళో వేసుకుంటే ముందుకి వాలిపోయి నడిచేటప్పుడు కడుపుకి కొట్టుకుంటూ ఉంటుంది, 40 అయితే బాడీని అంటిపెట్టుకుని ఉంటుంది. మంచి లెన్స్ కొని బీరువాలో పెట్టేవాళ్ళని చాలామందిని చూశా, వాళ్ళలో ఎక్కువమంది చెప్పే కారణం షార్ప్‌నెస్ కాదు, తీసుకెళ్ళడానికి బద్ధకం.

మరీ పల్చగా కావాలంటే 26ఎంఎం ఎఫ్2.8 ఉంది, 2023 లో వచ్చింది, 125 గ్రాములు, రెండున్నర సెంటీమీటర్ల పొడవు కూడా లేదు. నిజంగా ప్యాన్‌కేకే, అంటే అట్టులా పల్చటి లెన్స్. కానీ పల్చదనానికి కట్టాల్సిన మూల్యం అక్కడ ఇంకోరకంగా ఉంటుంది, దీని గురించి కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే ఏ సిస్టమ్‌లో ప్యాన్‌కేక్ కొన్నా ఇదే తగులుతుంది. మామూలు పొడవు లెన్సుల్లో ఫోకస్ చెయ్యడానికి లోపల ఒక చిన్న తేలికైన గాజుముక్క మాత్రమే ముందుకీ వెనక్కీ జరుగుతుంది, మోటార్‌కి శ్రమ లేదు, చప్పుడు లేదు. అలా జరగాలంటే లోపల ఖాళీ కావాలి. ప్యాన్‌కేక్‌లో ఖాళీ ఎక్కడిది, అందుకే మొత్తం గాజుల గుత్తి అంతా ఒకేసారి కదులుతుంది, బయటికి కూడా పొడుచుకొస్తుంది. బరువెక్కువ కాబట్టి నెమ్మది, చప్పుడు, వీడియోలో ఆ గీగీమనే శబ్దం మైక్‌లో పడుతుంది. పానసోనిక్ 20ఎంఎం ఎఫ్1.7 అని మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సార్ కెమెరాలకి 2009 లో వచ్చింది, 100 గ్రాములు, ఆ లెన్స్ ఫొటోలంటే పడిచచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, దాని ఫోకస్‌ని తిట్టనివాళ్ళు మాత్రం ఒక్కరూ కనపడరు. ఫ్యూజీ 27ఎంఎం ఎఫ్2.8 కూడా అంతే, 2013 లో వచ్చిన మొదటిదానికి అపర్చర్ రింగ్ లేదని గోలపెడితే 2021 లో రింగూ వెదర్ రెసిస్టెన్సూ కలిపి 84 గ్రాముల్లో కొత్తది ఇచ్చారు, లోపల ఫోకస్ పద్ధతి మాత్రం మారలేదు, కొన్నవాళ్ళ ఫిర్యాదూ మారలేదు. కదలని వస్తువులకీ వీధి ఫొటోలకీ ఇదేం పెద్ద సమస్య కాదు. మీ ఇంట్లో పరిగెత్తే పిల్లలున్నారు, మీకు సమస్యే. 40 ఎఫ్2 ప్యాన్‌కేక్ కాదు, దానికంటే రెట్టింపు పొడవు, అందుకే స్టెప్పింగ్ మోటార్ ఫోకస్ చప్పుడు లేకుండా చకచకా పోతుంది. ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండటం మీకు కలిసొచ్చే విషయమే.

ఫోకస్ నెమ్మది అని 40 మీద కూడా కొందరు రాశారు, చూశా. అవి ఎక్కువగా బాడీ ఫిర్యాదులు. జెడ్5 లో ఉన్నది ఎక్స్‌పీడ్ 6 ప్రాసెసర్, నికాన్‌దే జెడ్ఎఫ్ అనే బాడీలో ఎక్స్‌పీడ్ 7, ఇదే లెన్స్ అక్కడ పెడితే తక్కువ వెలుతురులో మనిషిని పట్టుకోవడం, వదలకుండా వెంటపడటం వేరేగా ఉంటుంది. జెడ్5 తో చీకటి గదిలో కొన్ని మిస్ అవుతాయి, 50 ఎస్ పెట్టినా మిస్ అవుతాయి. లెన్స్ మార్చి తీరే బాధ కాదది.

ప్లాస్టిక్ మౌంట్, అంటే లెన్స్ కెమెరాకి తగులుకునే చోటు. అవును, ప్లాస్టికే, 28 ఎఫ్2.8 కి కూడా అంతే. 26 కి మాత్రం మెటల్. నా ఉద్దేశంలో దీని మీద జరిగే చర్చ దాని అర్హతకి మించింది. 170 గ్రాముల లెన్స్ బరువుకి మౌంట్ మీద పడే ఒత్తిడి ఎంత? కెనాన్ ఈఎఫ్ 50ఎంఎం ఎఫ్1.8 రెండో వెర్షన్ 1990 నుంచి ప్లాస్టిక్ మౌంట్‌తోనే లక్షణంగా బతికింది. కింద పడితే ప్లాస్టిక్ మౌంట్ విరిగి బాడీని కాపాడుతుంది అని కొందరు దాన్ని సుగుణంగా కూడా చెప్తారు, అది నాకు సర్దిచెప్పుకోవడంలాగే అనిపిస్తుంది, కింద పడకుండా చూసుకోవడమే మేలు. పట్టించుకోవాల్సింది ఇంకోటుంది, మౌంట్ దగ్గర రబ్బరు గాస్కెట్ లేదు. చినుకులకి కంగారుపడక్కర్లేదు గానీ వర్షంలో నిలబడి తీసే అలవాటుంటే బాడీకీ లెన్స్‌కీ మధ్యలోంచి తడి పోయే దారి ఉందని గుర్తుంచుకోండి. దీన్ని ప్లాస్టిక్ గురించి గగ్గోలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది అసలు ప్రస్తావించరు.

రింగ్ గురించి ఒక చిన్న మాట, ఇది ఏ స్పెసిఫికేషన్‌లోనూ దొరకదు. లెన్స్ మీద ఉన్నది ఒక్కటే రింగ్, లెన్స్ ఒళ్ళంతా అదే ఉంటుంది. ఆటోఫోకస్‌లో ఉన్నప్పుడు దానికి అపర్చరో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషనో (ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్) ఐఎస్ఓనో పెట్టుకోవచ్చు. క్లిక్కులు ఉండవు, నున్నగా తిరుగుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ పెట్టుకున్నారనుకోండి, బ్యాగ్‌లోంచి తీసేటప్పుడు చెయ్యి పడేది సరిగ్గా అక్కడే, ఇంకెక్కడా పట్టుకోడానికి చోటే లేదు కదా, తిరిగిపోతుంది, తర్వాత ఫొటోలన్నీ ఒక స్టాప్ చీకటిగా, అంటే సగం వెలుతురుతో వస్తాయి, లెన్స్ అపర్చర్ పాడైందేమో అని జనం కంగారుపడి రాస్తుంటారు. కస్టమ్ కంట్రోల్స్ మెనూలోకి వెళ్ళి రింగ్‌కి ఏ పనీ లేకుండా చేసెయ్యండి, ముందా పని చెయ్యండి. అపర్చర్ బాడీ డయల్‌తోనే మార్చుకోండి. రింగ్ మీద క్లిక్కులతో అపర్చర్ కావాలనే కోరిక బలంగా ఉన్నవాళ్ళు సోనీ 2021 లో తెచ్చిన 24, 40, 50 జి లెన్సుల్ని చూసి కుళ్ళుకుంటారు, వాటికి విడిగా అపర్చర్ రింగ్ ఉంది, క్లిక్ ఆపుకునే స్విచ్ కూడా ఉంది, మూడూ 160, 175 గ్రాముల మధ్యే. అయితే 40, 50 రెండూ ఎఫ్2.5, 24 ఏమో ఎఫ్2.8. అక్కడ కోత వెలుతురులో పడింది.

బ్లర్ విషయం. బొకే, అంటే ఆ బ్లర్ కనిపించే తీరు, బాగుందా అని మీరు విడిగా అడిగారు. ఏ రెండు లెన్సుల్ని పోల్చాలన్నా నేను వాడే అడ్డదారి ఒకటుంది: ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించండి. 40 బై 2 అంటే 20 మిల్లీమీటర్లు. 50 బై 1.8 అంటే దాదాపు 28. 85 ఎఫ్1.8 కి 47. ఫ్యూజీ 27 ఎఫ్2.8 కి పదిలోపే. మనిషిని ఒకే సైజులో ఫ్రేమ్ చేసినప్పుడు దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత కరుగుతుందో ఆ అంకె చెప్పేస్తుంది, సెన్సార్ సైజు ఏదైనా సరే, విడిగా లెక్క కట్టక్కర్లేదు. కాబట్టి 40 తో వెనకాల చెట్లు మెత్తబడతాయి గానీ మాయమవ్వవు. పెళ్ళి ఆల్బమ్‌లో మాదిరి వెనకంతా పాలమీగడ కావాలంటే ఈ లెన్స్ ఇవ్వదు, 85 తీసుకోండి. బ్లర్ తక్కువైనా నాణ్యత మాత్రం బాగుంటుంది, తొమ్మిది బ్లేడ్లు, బల్బుల వెలుగులు మధ్యలో గుండ్రంగా, మూలలకి వెళ్ళేకొద్దీ బాదంగింజల్లా సాగుతాయి. అది నాకిష్టం, కొందరికి చిరాకు.

మూలల్లో నలుపు, గీతలు వంగడం లాంటివి ఈ మధ్య చిన్న లెన్సులన్నిట్లోనూ సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తున్నారు. కెనాన్ ఆర్ఎఫ్ 16ఎంఎం ఎఫ్2.8 లాంటి వాటిని సరిదిద్దే ప్రొఫైల్ లేకుండా రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చెయ్యని అసలు ఫైల్) తెరిస్తే బొమ్మ అంచులు బుడగలా ఉబ్బి కనిపిస్తాయి, మూలలు నల్లగా ఉంటాయి. 40 లో అంత లేదు, వంపు తక్కువ, నలుపు మాత్రం ఎఫ్2 లో తెలుస్తుంది. దాన్ని సరిచెయ్యడం ఫ్రీ కాదని గుర్తుపెట్టుకోండి, మూలల్ని రెండు స్టాపులు ఎత్తితే ఐఎస్ఓ 800 ఫొటోలో మూలల నాయిస్ 3200 లా ఉంటుంది. పిల్లల ఫొటోల్లో నేనైతే కరెక్షన్ సగానికి తగ్గించేస్తా, మూలలు కొంచెం చీకటిగా ఉంటే కళ్ళు మొహం మీదికే పోతాయి.

40 అనే యాంగిల్ మీద కూడా తిట్లున్నాయి, 35 కాదు 50 కాదు అని. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్‌ని (మీ జెడ్5 లో ఉన్న సైజు) మూల నుంచి మూలకి కొలిస్తే 43 మిల్లీమీటర్ల చిల్లర, ఆ చుట్టుపక్కల ఉన్న ఫోకల్ లెంగ్త్‌నే నార్మల్ అంటారు, కాబట్టి 40 మధ్యలో వేలాడేది కాదు, నిజానికి నార్మల్‌కి 50 కంటే దగ్గర. ఇళ్ళల్లో గదుల సైజుకి 50 తో వెనక్కి జరుగుతూ గోడకి తగులుకుంటాం, 40 తో ఇద్దరు పిల్లలూ మంచమూ కిటికీ కూడా పడతాయి. ఒక్కటే జాగ్రత్త, మొహం నిండుగా రావాలని మరీ దగ్గరికి పోవద్దు, ముక్కు పెద్దదవుతుంది. అది లెన్స్ తప్పు కాదు, దూరం తప్పు. మీటరు పైన దూరంలో ఆగి తీసి కత్తిరించుకోండి, లేదా డిఎక్స్ క్రాప్ (సెన్సార్ మధ్య భాగాన్నే వాడే సెట్టింగ్) పెట్టుకోండి, 60ఎంఎం లెన్స్ యాంగిల్ వస్తుంది. జెడ్5 లో మిగిలేది పది మెగాపిక్సెల్స్ చిల్లర, ఇంట్లో గోడకి ఫ్రేమ్ కట్టించడానికి చాలు.

మరి 50 ఎస్ ఎవరు కొనాలి అంటే ఫొటోకి డబ్బు తీసుకునేవాళ్ళు, ఎఫ్1.8 లోనే మూలలదాకా పదును కావాల్సినవాళ్ళు. దాని కనీస దూరం 40 సెంటీమీటర్లు, కాబట్టి దగ్గరి వస్తువులకని దాన్ని కొనకండి.

స్పెషల్ ఎడిషన్ అని ఇంకోటి కనిపిస్తుంది, పాత ఫిల్మ్ లెన్స్‌లా బయట డిజైన్, లోపల గాజు అంతా ఒకటే. కంటికి నచ్చితే తీసుకోండి.

కొన్నాక రివ్యూలు చదవడం ఆపేసి మీ చేతికొచ్చిన కాపీని పరీక్షించుకోండి, ఎందుకంటే "మూలలు చెత్త" అని రాసేవాళ్ళలో కొంతమందికి వచ్చింది నిజంగానే డీసెంటర్ అయిన ముక్క అయ్యుంటుంది, లోపల ఒక గాజు కాస్త పక్కకి జరిగి కూర్చుని ఉంటుంది. గోడకి ఎదురుగా నిలబడి తీసే పరీక్ష వద్దు, కెమెరా ఒక డిగ్రీ వంకరగా ఉన్నా ఒక పక్క మెత్తగా వస్తుంది. దూరంగా ఉన్న భవనాలు లేదా చెట్ల వరస, కనీసం వంద మీటర్ల అవతల, చూసుకోండి. ట్రైపాడ్, ఎఫ్2 లో ఒకటి, ఎఫ్5.6 లో ఒకటి, ఫోకస్ మధ్యలో చేసి మళ్ళీ ముట్టుకోకండి. నాలుగు మూలలూ చూడండి. ఎఫ్2 లో నాలుగూ ఒకేలా మెత్తగా ఉంటే అది డిజైన్, వదిలెయ్యండి. ఎఫ్5.6 లో కూడా ఎడమ పక్క మెత్తగా, కుడి పక్క పదునుగా ఉంటే అనుమానించాలి. అప్పుడు కెమెరాని తలకిందులుగా పట్టుకుని అదే సీన్ మళ్ళీ తియ్యండి, ఫొటోని తిప్పకుండా చూడండి. మెత్తదనం ఫ్రేమ్‌లో అదే ఎడమ పక్కనే ఉండిపోతే లోపం లెన్స్‌దో మౌంట్‌దో, అదే భవనంతో పాటు అటుపక్కకి మారిపోతే లోపం సీన్‌లోనే ఉంది, ఆ భవనం మిగతావాటికంటే దగ్గర్లో ఉందన్నమాట. సీన్‌ది కాదని తేలితే కిట్ జూమ్ పెట్టి ఎఫ్8 లో ఇంకోసారి తియ్యండి, జూమ్ బాగుంటే బాడీ మౌంట్ మీద అనుమానం తీరిపోతుంది, ఆ ఫొటోలు చూపించి రిటర్న్ గడువు లోపలే మార్పించుకోండి, సర్వీస్ సెంటర్‌కి పంపే రిపేర్‌కి ఒప్పుకోకండి, కొత్త ముక్క అడగండి.

సెకండ్ హ్యాండ్ అయినా ఇదే పరీక్ష, అదనంగా వెనక ప్లాస్టిక్ మౌంట్ చెవులు నాలుగూ అరిగాయా చీలాయా అని వెలుతురులో తిప్పి చూడండి, ముందు ఫిల్టర్ మర 52 ఎంఎం, ఒక ఫిల్టర్ తీసుకెళ్ళి బిగించి చూడండి, ఎప్పుడైనా ముందుకి పడి ఉంటే మర సాఫీగా ఎక్కదు. అమ్మేవాళ్ళని ఎందుకు అమ్ముతున్నారని అడగండి. వంద స్టార్ రేటింగుల కంటే ఆ ఒక్క జవాబు ఎక్కువ చెప్తుంది, 35 కావాలనిపించింది అంటే భయం లేదు, ఈ మధ్య ఫోకస్ ఒక్కోసారి వెతుక్కుంటోంది అంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.